పొడుగుకాళ్ళ పిట్ట మీద ఏడుపు

నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక పిట్టను చూసి కుళ్ళుకున్నాను. చెట్టు మీద పిట్ట కాదు. కర్నూలు బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో, కంప్యూటర్ తెర మీద నడిచే పిట్ట. దాన్ని గీసింది ఎక్కడో చలిదేశంలో ఉండే నా ఈడు అమ్మాయి. అసలు ఏడుపంతా ఆ అమ్మాయి మీదే. పిట్టేం చేసింది పాపం.

మాది కోడుమూరు, నేతపని ఇల్లు. నాయన మగ్గం మీద కూర్చుంటే అమ్మ కండెలు చుట్టేది, నేను గ్రాఫ్ గీసేదాన్ని. చీర కొంగులో వచ్చే నెమళ్ళూ మామిడిపిందెలూ ముందు గళ్ళకాగితం మీద పుడతాయి. గడి నింపితే అక్కడ పోగు పైకి లేస్తుంది, వదిలేస్తే కిందే ఉంటుంది. ఆ కాగితం చూసి ఒకాయన అట్టలకు బెజ్జాలు కొడతాడు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కాక బొమ్మ గుడ్డలోకి దిగుతుంది. పదో తరగతి నుంచి ఈ పని నాదే. మా వీధిలో నా అంత నీటుగా గళ్ళు నింపేవాళ్ళు లేరని అందరూ అనేవాళ్ళు, ఒక్క నాయన తప్ప.

నాయన నేనిచ్చిన కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసేవాడు. "సరే, ఎక్కిద్దాం" అనేవాడు. అంతే. నా గ్రాఫ్ బాగున్నా అదే మాట, నాకే నచ్చకపోయినా అదే మాట. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందనుకునేవాడో, మెచ్చుకోవడం చేతకాదో తెలియదు. ఆయన నోట ఒక్క మంచి మాట కోసం నేను నాలుగైదేళ్ళు గళ్ళు నింపాను. ఇంకే ఆశా లేదని చెప్పను గానీ దాని ముందు మిగతావన్నీ చిన్నవి.

ఇంటర్ తర్వాత కర్నూల్లో పెళ్ళిపత్రికలూ కరపత్రాలూ కంప్యూటర్ మీద చేసే కోర్సులో చేరాను. వారానికి ఒక్క గురువారమే క్లాసు. అక్కడి నుంచి రంగులద్దిన పట్టు నేను తెచ్చే రోజు కూడా అదే కాబట్టి నాయన అడ్డు చెప్పలేదు. అక్కడి సారు ఒకరోజు బోర్డు మీద ఒక వెబ్‌సైట్ పేరు రాసి, పూలడిజైన్లకు పనికొస్తుంది చూసుకోండి అన్నారు. క్లాసయ్యాక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ప్లైవుడ్డుతో చేసిన అరలు, ఒక్కో అరకు ఒక్కో పరదా. దాన్ని నడిపే ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్ళు. పుస్తకంలో పేరు రాయించుకుని మూల అర చూపించాడు.

పూలు దొరకలేదు. దేశదేశాల వాళ్ళు గీసి పెట్టిన బొమ్మలు దొరికాయి. నెట్ ఎంత నిదానమంటే బొమ్మ పైనుంచి కిందికి వరస తర్వాత వరసగా దిగేది, మా మగ్గం మీద గుడ్డ పెరిగినట్టే. ఒక గీత కూడా లేకుండా రంగుమచ్చలతోనే ముసలాయన ముఖం గీశారెవరో. ఇంకెవరో పిల్లి ఆవులించడాన్ని ఆరు బొమ్మలు చేశారు. మొదటి గురువారం నోరు తెరుచుకుని చూశాను. రెండో గురువారం నోరు మూసుకుని చూశాను, ఎందుకంటే ఆ రోజు పిట్ట కనబడింది.

సన్నటి మెడ, పొడుగు కాళ్ళు. ఒళ్ళంతా చిన్న చిన్న చదరాలు. ముందుకు వంగి చూశాను. గళ్ళు! నలభై గళ్ళ వెడల్పు, నలభై గళ్ళ ఎత్తు. అచ్చం నా పనే. కాకపోతే మా పిట్టలు నిలబడే పుట్టి నిలబడే చిరిగిపోతాయి, ఆ అమ్మాయి పిట్ట నడుస్తోంది. ఎనిమిది బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఎనిమిదోది అయ్యాక మళ్ళీ మొదటిది. కింద ఆ అమ్మాయి ఇంగ్లీషులో రాసుకుంది, ఒక సాయంత్రం సరదాగా గీశానని.

సరదాగానట! నలభై గళ్ళ పిట్టకు నాకు నాలుగు రోజులు పట్టేది. ఒక గడి తప్పు నింపితే బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే కాగితం లేస్తుంది, లేస్తే మళ్ళీ మొదటికి. ఆ అమ్మాయికి ఒక్క మీట నొక్కితే తప్పు మాయం. కింద ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వరసపెట్టి మెచ్చుకున్నారు. నాకు ఇంట్లో మనిషే ఒక్క మాట అనడు, ఆమెకు లోకమంతా నాయనలే. నిజంగా కడుపు మండింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటుంది మా అమ్మ. ఇది పుల్లకూర కూడా కాదు, విందుభోజనం.

ఆ పిట్టలో తప్పు దొరికేదాకా లేవకూడదని కూర్చున్నాను. దొరికింది. మా ఊరి దగ్గరి హంద్రీ నదిలో నీళ్ళున్న ఏడాది కొంగలు దిగుతాయి, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కొంగ కాలు పైకెత్తినప్పుడు వేళ్ళు ముడుచుకుంటుంది. ఈ పిట్ట వేళ్ళు చాపుకునే కాలెత్తుతోంది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఆ సంగతి కింద రాశాను. చెప్పాలని కాదు, నలుగురిలో పరువు తీయాలని. బస్సులో కోడుమూరు దాకా నవ్వుకుంటూ వచ్చాను.

తర్వాతి గురువారం చూస్తే పిట్ట కాలెత్తినప్పుడు వేళ్ళు ముడుచుకుంటోంది. ముందుకన్నా పదింతలు బాగా నడుస్తోంది. ఎంత మంచి సంగతి చెప్పావు, నేనెప్పుడూ గమనించలేదు, నీకు చాలా థాంక్స్ అని ఆ అమ్మాయి నాకు జవాబు రాసింది. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో! మంచిగా కూడా ఉంటే ఇక నేనేమని ఏడవాలి?

అప్పుడే నా బుద్ధి వంకర పోయింది. దిద్దింది నేనే కాబట్టి ఈ పిట్టలో నాకూ వాటా ఉందనుకున్నాను. కాలు పైకెత్తిన బొమ్మను పెద్దది చేసి భాయ్ చేత ప్రింటు తీయించాను. తెర మీద గడి నలుచదరం. దానికి సరిగ్గా సరిపోతుందని పక్క పుస్తకాల షాపులో బడిపిల్లల గ్రాఫ్ కాగితం కొన్నాను. ఇంట్లో గడికి గడి దించాను. పదహారు వందల గళ్ళు. నిండాల్సినవన్నీ నల్ల ఇంకుతో నింపాను.

నాయన ఎప్పట్లాగే చేయి చాచి పట్టుకున్నాడు. ఈసారి చూపు తిప్పలేదు. కాగితాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్ళీ దూరం పెట్టాడు.

"కాగితం కొత్తగా ఉండాదే?" అన్నాడు.

"కర్నూల్లో తెచ్చినా నాయనా."

"చేయి తిరిగిందమ్మా నీకు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎన్నేళ్ళు ఎదురుచూసిన మాట! ఆ రాత్రి అన్నం సహించలేదు. నా నెమళ్ళకు రాని మాట, నా మామిడిపిందెలకు రాని మాట, ఎవరో పిల్ల సరదాగా గీసిన పిట్టకు వచ్చింది. నాయన మెచ్చుకున్నది నన్ను కాదు, ఆ అమ్మాయిని. లోకమంతా మెచ్చింది చాలక మా ఇంటికి కూడా వచ్చి నా మాట ఎత్తుకుపోయింది. దొంగతనం చేసింది నేనైనా, కన్నం పడింది నా ఇంటికే అనిపించింది.

అట్టలు వచ్చాయి, మగ్గం ఎక్కాయి, నాయన కొంగు మొదలుపెట్టాడు. పిట్టల వరస ఒకటి పూర్తయ్యాక అమ్మ కండెలు ఇవ్వడానికి వచ్చి వంగి చూసింది.

"ఏందే ఇది, కోడి గుడ్ల మీద పొదుక్కున్నట్టుండాది?" అంది.

పరిగెత్తుకెళ్ళి చూశాను. పొడుగుకాళ్ళు పొట్టివయ్యాయి. మెడ లోపలికి పోయింది. ఎవరో నెత్తిన చేయి పెట్టి అణిచినట్టు వరసంతా చతికిలబడి కూర్చుంది. మా మగ్గం మీద అంగుళానికి నిలువు పోగులు తక్కువ, అడ్డపోగులు ఎక్కువ. అందుకే నేతకు వాడే కాగితంలో గడి నలుచదరంగా ఉండదు, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉంటుంది. నలుచదరపు గళ్ళ మీద గీసింది గుడ్డలోకి దిగితే నలిగి పొట్టిదవుతుంది. నేతింట్లో పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదానికి కాగితం ఏం కనబడుతుంది?

నాయన మగ్గం ఆపాడు. నేసింది విప్పడానికి కూర్చున్నాడు, ఒక్కో అడ్డపోగూ పట్టు తెగకుండా వెనక్కి లాగుతూ. నేను ఎదురుగా కూర్చుని ఊడిన పట్టును కండెకు చుట్టాను. సగం విప్పాక నా వల్ల కాలేదు. నెట్ సెంటరూ, నడిచే పిట్టా, ఆ అమ్మాయీ, నేను రాసిందీ, దొంగిలించిందీ అంతా చెప్పేశాను. చెప్పి, అడిగాను.

"చేయి తిరిగిందంటివే నాయనా. అది ఆ పిల్ల చేయి గదా?"

నాయన పోగు లాగడం ఆపి నావైపు చూశాడు.

"బొమ్మను చూసి యాడంటినమ్మా నేను? బొమ్మలు శానా చూసినా. అన్ని గళ్ళు నింపినావు గదా, ఒక్క గడిలోనన్నా ఇంకు గీత దాటలా. అది చూసి అంటి." మళ్ళీ పోగు అందుకున్నాడు. "కాగితం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చె. నీకు తెలీకుండా పోతాదా అనుకొని ఊరకుంటి."

ఏడ్చాను. ఈసారి మామూలు ఏడుపు. ఆ మాట నాదేనన్న సంతోషమూ, నన్ను అంతగా నమ్మిన మనిషి చేత పోగులు విప్పిస్తున్నానన్న సిగ్గూ రెండూ కలిసి వచ్చాయి. నాయన సాయంత్రం దాకా విప్పాడు. చివరి పోగు లాగాక నడుం నిటారు చేసుకుని అడిగాడు.

"ఆ పిట్ట నడుస్తాదంటివే, నిజంగా నడుస్తాదా? నాకూ ఒకసారి చూపీ."

రెండు వారాలకు పట్టు కోసం తనూ కర్నూలు వచ్చాడు. నెట్ సెంటర్ ఎదుట నీడలో నిలబడ్డాడు, నేను లోపలికెళ్ళాను. అరలన్నింట్లో కంప్యూటర్లు నడుస్తున్నాయి. మూల అరలో కుర్చీ ఖాళీ. "రామ్మా, కూర్చో" అన్నాడు భాయ్. తెర మీద పిట్టను చూస్తున్న నాయన ముఖం నాకు ముందే కనబడింది. ఆయన నోట ఇంకోసారి ఆ మాట వస్తుందేమో, ఈసారి నిజంగా ఆ అమ్మాయికి వస్తుందేమో అని భయమేసింది. ఒక్కటే మాట ఉంది నాకు. అది ఎవరితోనూ పంచుకోలేను.

బయటికొచ్చి "నెట్టు రాలేదంట నాయనా" అన్నాను.

"అట్లనా. ఇంకోసారి చూస్తాంలే" అన్నాడు.

ఆ తర్వాత వచ్చినప్పుడు తనే గుర్తు చేశాడు. అప్పుడూ నెట్టు రాలేదన్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో పాట పెట్టుకున్నారు, అది మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. నాయన ఒకసారి తలుపు వైపు, ఒకసారి నావైపు చూశాడు.

మూడోసారి పట్టుమూట భుజాన వేసుకుని నెట్ సెంటర్ ముందు నుంచే బస్టాండుకు నడిచాడు. నేను వెనకే నడిచాను. ఇంక ఆయన అడగలేదు.