తెరుచుకోని గేటు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతు కింద ఉండిపోయింది. మొదట్లో బరువుగా ఉండేది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. అలా మొద్దుబారిపోయినందుకే భయమేసి మీకు చెబుతున్నాను.

బళ్ళారిలో కాలువ గేట్ల మోటార్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. గేటు తెరుచుకోకపోతే కారణమేమిటో లోపల పనిచేసే చిన్న ప్రోగ్రామ్, సిస్టమ్ లైబ్రరీ అంటాం, ఒక నంబరుగా చెబుతుంది. ఆ లైబ్రరీ నేను రాసిందే.

సిరిగేరి దగ్గర గేటు చూసుకునే లస్కరు తిమ్మప్ప. చివరి పొలాలకు నీళ్ల వంతు వచ్చిన రోజు, లస్కర్లందరిలాగే బటన్ నొక్కి, పై గేటుకు వెళ్లిపోయాడు. గేటు తెరుచుకోలేదు. ఎవరో చూసేసరికి వంతు దాటిపోయింది. పొట్ట మీదున్న వరి ఎండిపోయింది. ఆఫీసు కంప్యూటర్లో మాత్రం ‘ఎవరూ బటన్ నొక్కలేదు’ అని ఉంది. పై రైతుల దగ్గర డబ్బు తిన్నాడన్నారు. నొక్కానని ఆయన మొత్తుకున్నాడు. మిషన్ అబద్ధం చెప్పదని అందరి ముందూ అన్నది నేనే. ఆయన పని పోయింది.

తర్వాత కొన్నాళ్లకు తప్పు దొరికింది. ఆ రోజు కరెంటు చాలక మోటారు ఆగింది. ఆ నంబరు బయటికి చెప్పేలోపు నా లైబ్రరీ ఇంకో చిన్న పని చేసి, దాని మీద ‘ఎవరూ నొక్కలేదు’ అనే నంబరు రాసేసింది. రెండు లైన్లు మార్చాను. ‘చిన్న మార్పులు’ అని రాసి అన్ని గేట్లకూ పంపాను. ఎవరూ అడగలేదు. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ నలుగురిలో అంత ధీమాగా అన్న మాటే తప్పని ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అదే అసలు సంగతి.

మొన్నామధ్య కురుగోడు బస్టాండులో తిమ్మప్ప కనిపించాడు. మిరపకాయల మూటలు మోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి తానే పలకరించాడు.

“ఆపొద్దు బటన్ ఒత్తినానని శానా కొట్లాడితినప్పా. ఇప్పుడు ఆలోచన చేస్తాంటే నేనే ఒత్తలేదేమో అనిపిస్తాండాది. మిషన్‌కు నా మీద ఏం పగ?”

“ఎప్పటి మాటో అది. ఇడ్సిపెట్టు మామా,” అన్నాను.

మామా అని కూడా అన్నాను. తర్వాత బస్సెక్కాను, కిటికీ పక్కన సీటు దొరికింది, నిద్ర కూడా పట్టింది.

పని పోగొట్టాను సరే. తన చేయి చేసిన పనిని తానే నమ్మలేని స్థితికి తెచ్చానే, దాన్ని ఏమనాలి? ఆయనకు చెబుతానని మీకు మాటివ్వలేను. క్షమించమనీ అడగను. ఒక్కసారి బయటికి అనాలి, అంతే. తిమ్మప్ప బటన్ నొక్కాడు.