మామ చెప్పని మూడో చోటు

మామ పోయాడన్న కబురు నాకు ఆఫీసులో అందింది. "అయిపోయింది పాపా, బయల్దేరి రా" అని అత్త ఫోన్ పెట్టేసింది. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను, మూడో సెట్ ఎక్కడ దాచాడో ఇక ఎవరు చెప్తారన్న భయం వచ్చింది.

సెట్ అంటే మా అమ్మ ఫోటోలు. మేము డిజిటల్ కెమెరా కొన్న రెండేళ్ళకే అమ్మ పోయింది. ఆ రెండేళ్ళలో తీసినవి నాలుగు వందల పన్నెండు. పాత ఫోటోలన్నింటిలో అమ్మ స్టూడియోలో బిగుసుకుని నిలబడి ఉంటుంది. మిద్దె మీద వడియాలు పెడుతూ, బీచ్ రోడ్డులో చెప్పులు చేత పట్టుకుని నడుస్తూ, నా మీద కోపంతో కెమెరాకు చెయ్యి అడ్డం పెడుతూ కనిపించే అమ్మ వీటిలోనే ఉంది. ఒక్కటి కూడా కాగితం మీద వేయించలేదు. మామ పోయేనాటికి నా కంప్యూటర్లోవీ పోయాయి, నెట్‌లోవీ పోయాయి. మిగిలింది ఆయన దగ్గరున్న సెట్ ఒక్కటే.

మామ అమ్మకు తమ్ముడు. బట్టల మిల్లులో స్టోర్ కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. అనుమానం ఆయనకు ఉద్యోగంతో వచ్చిందో, అనుమానం చూసే ఉద్యోగమిచ్చారో నాకు తెలియదు. తాళం వేసి రెండుసార్లు లాగేవాడు, ఆపైన అత్తను పిలిచి ఆమె చేత ఒకసారి లాగించేవాడు. పాల ప్యాకెట్‌ను వెలుతురుకెత్తి చూసేవాడు. మాది తమిళం చదువుకునే ఊరు, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం గానీ చదవడం చాలామందికి రాదు, మామకూ రాదు. ఈ నాలుగు ముక్కలు ఆయన ఉండగా రాసుంటే, "నా మీద ఏం రాసినావో నాకెట్ల తెలుస్తాది? ఇంకో మనిషి చేత చదివించు, నువ్వొద్దు" అనేవాడు.

మిల్లులో ఒకసారి పన్నెండు బేరింగులు తక్కువ వచ్చాయి. స్టోర్‌లో ఆయన కింద పనిచేసే కిరుమాంబాక్కం ఊరి మనిషి మీద మామకు అనుమానం కలిగింది. మూడు నెలలు అతని సంచీ చూశాడు, టిఫిన్ క్యారియర్ విప్పించాడు, చెప్పాపెట్టకుండా ఇంటికి పోయి గొడ్లపాకలో కూడా వెతికాడు. చివరికి బేరింగులు వేరే అరలో దొరికాయి. అక్కడ పెట్టినట్టు స్టాకు కార్డులో ఉన్న చేతిరాత మామదే. ఆ మనిషి వేరే సెక్షన్‌కు మార్పించుకుని వెళ్ళిపోయాడు. "ఆయన ఉసురు నీకు తగుల్తాది, ఒకసారి పోయి మాట్లాడి రారా" అని అమ్మ పోయేదాకా చెప్తూనే ఉంది. మామ విననట్టే ఉండేవాడు.

అమ్మ పోయాక ఫోటోలను నేను ఐదు సీడీల్లోకి ఎక్కించి, ఆయుధ పూజకు మామ ఇంటికి తీసుకెళ్ళాను. మురుంగపాక్కంలో వాళ్ళింట్లో ఆ రోజు కుట్టుమిషనుకూ సైకిల్‌కూ బొట్టు పెడతారు, మరుసటి రోజు దాకా దేన్నీ వాడరు. సీడీలను కూడా పూజలో పెట్టమన్నాను. అత్త భక్తిగా ఐదింటికీ గంధం, కుంకుమ పెట్టింది, మెరిసే వైపు పెట్టింది. రెండో వైపు నా రాత ఉందట, అక్షరాల మీద బొట్టు పెట్టకూడదట. మరునాడు ఎండిన గంధాన్ని చీర కొంగుతో గట్టిగా తుడిచింది కూడా. గీతలు పడి రెండు సీడీలు అసలు తెరుచుకోలేదు.

అత్త ముఖం చిన్నబోయింది. మామ నావైపు తిరిగాడు.

"ఈరోజు తెరిచినాము కాబట్టి తెలిసింది. తెరవకుండా బీరువాలో పెట్టింటే?"

"కంప్యూటర్లో ఉన్నాయి కదా మామా."

"చూసినావా?"

"ఉంటాయి."

"ఉంటాయి అనొద్దు పాపా. చూసినాక ఉండాయి అను."

మిల్లులో ఏటా ఆయుధ పూజ అయిన మరుసటి రోజే స్టోర్‌లో ఉన్నవన్నీ దించి లెక్క చూసేవాళ్ళు. ఆ అలవాటును మామ అమ్మ ఫోటోలకు తగిలించాడు. ఆ రోజు ఇందిరా నగర్‌లో మా ఇంటికి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, నాలుగు వందల పన్నెండూ ఒక్కొక్కటిగా తెరిపించాడు. మధ్యలో కళ్ళు తుడుచుకున్నాడు, కానీ లెక్క మాత్రం తప్పనివ్వలేదు.

తర్వాత నేను నెట్‌లో ఫోటోలు ఉచితంగా దాచిపెట్టే సైటు ఒకటి వెతికాను. మూడు నాలుగు చూసి, ఎక్కువ చోటు ఇచ్చేదాన్ని ఎంచుకున్నాను. మామకు గర్వంగా చూపించాను.

"వాడి గోడౌన్ యాడ ఉండాది?"

"ఏదో దేశంలో. మనకెందుకు?"

"ఊరకే ఎందుకు పెట్టుకుంటాడు మన సామాను? వాడికి ఏంది లాభం?"

"ప్రకటనలు వేసుకుంటారు."

"సరి. రేపు కడ మూసి అంగడి ఎత్తేస్తే యాడికి పోయి అడగల్ల?"

కాలం మారింది మామా అన్నాను. ఆయన కంప్యూటరూ నెట్టూ కాక మూడోదిగా కొత్త సీడీల్లో ఇంకో సెట్ ఎక్కించి ఇమ్మన్నాడు, ఇచ్చాను. ఎక్కడ పెడతావని అడిగితే చెప్పనన్నాడు.

"నీకు చెప్తే మీ ఇంట్లో తెలుస్తాది. మీ ఇంట్లో తెలిస్తే అది మీ ఇంట్లో ఉన్నట్టే. వేరే చోటు ఎట్లయితాది?"

నాకు ఒళ్ళు మండింది. నా తల్లి ఫోటోలు నాకే తెలియకుండా దాచడం ఏమిటి? నన్ను కూడా నమ్మడా అని ఆ ఏడాదంతా ముభావంగా ఉన్నాను. ఆయన నిజంగా భద్రం చేశాడా, ఎక్కడో పెట్టి మరిచిపోయి బింకం పోతున్నాడా అని నాకూ అనుమానం పట్టుకుంది. ఆ మాటకొస్తే అనుమానంలో నేను ఆయన మేనకోడల్నే.

ఈ సంవత్సరం నా కంప్యూటర్ డిస్కు పోయింది. బాగుచేసేవాడు ఉప్పుగాలి అన్నాడు, వయసన్నాడు, చేతులెత్తేశాడు. నెట్ ఉంది కదా అని ధీమాగా సైటు తెరిస్తే, మూసేసి ఎనిమిది నెలలైందట. ముందుగా ఉత్తరం పంపారు. అది నేను చూడని పనికిరాని మెయిళ్ళ కుప్పలో పడి ఉంది. గీతలు పడ్డ పాత సీడీలను, నెట్‌లో ఉన్నాయి కదా అని, నేనే చెత్తలో వేశాను. మామ దగ్గరికి పరుగెడదామంటే అప్పటికే పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్నాడు, మాట పడిపోయింది.

అడగకూడదనుకుంటూనే చెవి దగ్గరికి వంగి, "మామా, మూడో సెట్ యాడ?" అన్నాను. కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, పక్కన గ్లూకోజ్ సీసా మారుస్తున్న నర్సును చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. పరాయి మనిషి ముందు చెప్పకూడదనుకున్నాడో, నా మాట అసలు అర్థమే కాలేదో నాకు ఎప్పటికీ తెలియదు. నాలుగు రోజుల తర్వాత అత్త ఫోన్ వచ్చింది.

పదహారో రోజు కార్యం లోపు నేనూ అత్తా బీరువా, అటక, బియ్యం డబ్బా అన్నీ వెతికాం. చీటీలు కట్టిన తాళంచెవులు దొరికాయి, సీడీలు మాత్రం లేవు. పోయిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. అంత అనుమానం ఎవరికి పనికొచ్చింది మామా అని అటక మీద కూర్చుని ఏడ్చాను.

కార్యం అయిన మరునాడు మా గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు, చేతిలో పసుపు గుడ్డసంచీ. "కిరుమాంబాక్కం నుంచి వస్తా ఉండాను. మీ మామతో మిల్లులో పని చేసినా" అన్నాడు. బేరింగుల మనిషి. సంచీలోంచి బిస్కెట్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల అంటించిన కవరు, అతుకు మీద అడ్డంగా మామ సంతకం.

"మూడేండ్లుగా మా ఇంట్లోనే ఉండాది. ఏటా ఆయుధ పూజ అయినాక బస్సెక్కి వస్తాడు. మా కూతురి కంప్యూటర్లో అన్నీ తెరిచి చూస్తాడు, ఆమెను మాత్రం బయట కూర్చోమంటాడు. కొత్త కవర్లో వేసి, అంటించి పోతాడు. నాకేమన్నా అయితే అక్క కూతురికి ఇయ్యి అన్నాడు."

"మీ దగ్గరే ఎందుకు పెట్టాడు?"

"నేనూ అడిగినా. ఈ ఊళ్ళో నేను పూర్తిగా వెతికి చూసింది నిన్నొకణ్ణే, నీ దగ్గర తప్పేమీ దొరకలేదు అన్నాడు."

"క్షమించమని అడిగాడా?"

"లేదు పాపా. అక్క పొమ్మనింది, వచ్చినా అన్నాడు. డబ్బా చేతికిచ్చినాడు."

నేను లేచి వెళ్ళి కాఫీ తెచ్చి పెట్టాను. ఆయన కాఫీ ముట్టకుండా, "తెరువు, నా ముందరే లెక్క చూసుకో" అన్నాడు. కొత్త డిస్కు వేయించిన కంప్యూటర్లో ఒక్కొక్కటే తెరిచాను. అమ్మ వడియాలు, అమ్మ చెప్పులు, అడ్డం పెట్టిన అమ్మ చెయ్యి. నాలుగు వందల పన్నెండు. ఆయన పక్కన కూర్చుని తనూ లెక్కపెట్టాడు.

"సరిపోయిందా?"

"సరిపోయింది."

"అయితే మళ్ళా అంటించి సంతకం పెట్టు. మా ఇంట్లో ఉండాల్సిన సెట్టు నాకియ్యి, నేను పోవల్ల."

అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుని, సీడీలను కవర్లో వేసి అంటించి, అతుకు మీద నా సంతకం పెట్టి, డబ్బా ఆయనకే ఇచ్చాను. బస్టాపు దాకా వెంట వెళ్ళాను. కడలూరు బస్సు కిక్కిరిసి ఉంది, ఎవరో లేచి ఆయనకు చోటిచ్చారు. కిటికీ పక్కన కూర్చుని, పసుపు సంచీని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని, బస్సు కదిలేదాకా పక్కవాణ్ణే చూస్తూ ఉన్నాడు.