మగ్గం గుంతకు చోటు

నాయిన పోయాక గద్వాలలోని మా ఇల్లు ముగ్గురికి మిగిలింది: అక్కకు, అన్నకు, నాకు. అందరికంటే పెద్దదైన అక్క ఆ ఇంట్లోనే చీరలు నేస్తూ ఉంది. పెళ్లెందుకు చేసుకోలేదే అని ఎవరన్నా అడిగితే, "తీరిక దొర్కలే" అంటుంది. అన్నది నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం. అక్కడ కట్టుకుంటున్న ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగిపోయింది. నేను వనపర్తిలో టీచరును. పాతింటి దూలాలకు చెదలు పట్టాయి, బాగు చేయించే స్తోమత ముగ్గురిలో ఎవరికీ లేదు. అమ్మేద్దామని మొదట అన్నది నేనే. ఏ పనైనా నేను పూనుకుంటే తప్ప కాదని నాకో గట్టి నమ్మకం. క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు ఇంట్లోవాళ్లనీ కూర్చోబెడతానని అన్న ఎగతాళి చేస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు.

వారసుల సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. ఇంటి పన్ను కాగితాలు వెతికింది నేను. కొనేవాళ్లను తెచ్చింది కూడా నేనే. ఇటిక్యాల దగ్గర సీడు పత్తి పండించే రైతు ఆయన. పిల్లల చదువు కోసం టౌనులో ఇల్లు కావాలని భార్యతో కలిసి వచ్చాడు. ఇల్లంతా చూసి, ముందు గదిలో మగ్గం దగ్గర ఆగిపోయాడు.

"గీ గుంత పూడ్చి ఇయ్యాలె మేడమ్. చిన్న పిల్లలున్నరు మాకు."

"దాన్దేముంది, పూడ్పిస్తం" అన్నాను.

అక్క నా పక్కనే ఉంది. ఆమెను ఒక్క మాట అడగాలని నాకు తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా అక్కది గుంత మగ్గం, ఒకప్పుడు నాయిన తన కోసం తవ్వుకున్నది. నేలలో తవ్విన గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. లోపలి చల్లదనానికి నూలు పోగులు తొందరగా తెగవు. గుంత లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే అక్కకు పూట గడవదు.

వాళ్లు వెళ్లాక అక్క చాయ్ పోసిచ్చి, నెమ్మదిగా చెప్పింది. "ఇల్లు అమ్ముదం. నాకేం అడ్డం లేదు. కాని అద్దె ఇల్లు దొర్కాలె, దాంట్ల గుంత తవ్వనియ్యాలె. గుంత తవ్వినంకనే నా సంతకం."

"వనపర్తికి రా. మా కింది గది ఖాళీగనే ఉంది. మొన్ననే టైల్స్ ఏసినం" అన్నాను.

"టైల్స్ పగలగొట్టనిస్తవా?"

వాటికి పెట్టిన ఖర్చు గుర్తొచ్చింది. అయినా నూలిచ్చే సావుకారి నుంచి రంగులు అద్దేవాళ్ల దాకా అందరూ గద్వాలలోనే ఉంటే ఆమె వనపర్తికి వచ్చి ఏం చేస్తుంది? మాట మార్చి, స్టాండు మగ్గం కొనుక్కోమన్నాను. దానికి గుంత అక్కర్లేదు కదా.

"రేపటి సంది ఎడమ చేత్తోని బోర్డు మీద రాయి, సూద్దం" అంది.

అలా మొదలైంది ఇళ్ల వేట. ఆదివారం వచ్చిందంటే వనపర్తిలో బస్సెక్కి గద్వాలలో దిగేదాన్ని. ఎంతమంది ఉంటారు, నీళ్లు ఎన్ని వాడతారు అని ఇంటి ఓనర్లు అడిగేవారు. అన్నిటికీ నేను గడగడా జవాబులు చెప్పేదాన్ని. అప్పుడు అక్క మెల్లగా గుంత సంగతి ఎత్తేది. వాళ్ల మొహాలు మాడిపోయేవి. ఒకాయన మాత్రం భార్యను లోపలికి పంపి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"మా ఇంట్ల ఏమన్న ఉన్నదని మీకెవరన్న చెప్పిండ్రా?"

మేం గుప్తనిధుల కోసం వచ్చామనుకున్నాడు. కాదు, మగ్గానికి అని ఎంత చెప్పినా వినలేదు. "సగం మాకని కాయితం రాసియ్యిండ్రి, తవ్వుకోండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్క సందు మలుపు దాకా ఆపుకుని, అక్కడ గోడకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నవ్వులాట ఎన్నాళ్లు? కొనేవాళ్లు వెనక్కి పోతారేమోనని నాకు భయం. అన్న ఇంటి ఇనుప చువ్వలు వానకు తుప్పు పడుతున్నాయి. ఒకరోజు ఆపుకోలేక అక్క మీద అరిచాను. "నీ ఒక్క గుంత కోసం అందరం పరేషాన్ కావాల్నా?" అన్నాను.  మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడె చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలైంది.

ఇటిక్యాల ఆయనకు భయపడుతూనే ఫోన్ చేసి ఇంకొంత గడువు అడిగాను. ఆయన నసుగుతుంటే భార్య ఫోన్ తీసుకుంది. "మీ అక్కకు తొందర వెట్టకండ్రి మేడమ్. చేన్ల పని సగంల ఇడిస్తే ఎట్లుంటదో మాకు ఎర్కే" అంది. ఒక్కసారి చూసిన మనిషి. ఆ తల్లికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ ఆదివారం నేను అలిగి వెళ్లలేదు. అన్నే నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి, అక్కను బండి మీద ఎక్కించుకుని తిరిగాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది, ఇల్లు దొరికిందని. నేను లేకుండా పని అయినందుకు మొదట కాస్త చిన్నబోయిన మాట నిజం.

ఇచ్చింది దవాఖానలో నర్సు పని చేసి రిటైరైన ఒక పెద్దమ్మ. మరుసటి ఆదివారం మేం ముగ్గురం వెళ్లేసరికి చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. వెనక గది చూపించింది. మట్టి నేల. నాకు నమ్మకం కుదరక, గుంత సంగతి మళ్లీ వివరంగా చెప్పబోయాను.

"ఎర్కే బిడ్డా, మీ అన్న చెప్పిండు. మా అమ్మ నాయిన లింగాల కాడి నుంచి మూటలు కట్టుకోని పోయి, దేశమంత తిరిగి కాల్వలు తవ్విండ్రు. ఆ కూలితోనే నేను నర్సునైన. నా ఇంట్ల ఒక ఆడిమనిషి బతుకుదెరువుకు గంత మన్ను తీస్తే నేను వద్దంటనా?"

 ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను.

పాతింట్లో మగ్గం మీదున్న ఆఖరి చీర దిగాక, రేపు రిజిస్ట్రేషన్ అనగా, ఆ గదిలో గుంత తవ్వడానికి పూనుకున్నాం. అన్న పాత గుంతను కొలిచి, సరిగ్గా అంత వెదురు కట్టె కోసి తెచ్చాడు. నాయిన గుంత ఎంత ఉందో అంతే ఉండాలని అతని పట్టుదల. గడ్డపారతో తవ్వుతున్నాడు, నేను తట్టతో మన్ను మోస్తున్నాను. కట్టె దించి చూసి, "ఇంకా జానెడు" అన్నాడు.

గడప మీద కూర్చున్న అక్క లేచి వచ్చింది. "ఇగ సాలు తీ" అంది.

"ఏం సాలు? నాయినది ఇంకా లోతుండె."

"నాయినవి పొడుగు కాళ్లు. నాకు అందదు."

అన్న గడ్డపార ఆపాడు. "మరి ఇన్నేండ్లు ఎట్ల నేసినవ్ అక్కా?"

"అడుగున, చెక్కలకు అడ్డం రాకుండ ఒక్క ఇటుక వెట్టుకున్న. ఒక కాలు దాని మీద, ఇంకో కాలు యాలాడుతుండె. నాయిన గుడ నేస్తుండె గదా, పూడిస్తే ఆయనకు కష్టమని. తర్వాత అదే అలవాటైంది."

ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. అక్క నడుము నొప్పికి ఏళ్ల తరబడి నేను వనపర్తి నుంచి మందులు తెచ్చిచ్చాను. వయసు మీద పడుతోంది, నడువు, బరువులు ఎత్తకు అని పాఠాలు కూడా చెప్పాను. ఒక్కసారి ఆ గుంతలోకి తొంగి చూడలేదు. నా బి.ఇడి. ఫీజు, అన్న దుకాణంలో మొదటి సరుకు, నాయిన మందులు, అన్నీ ఆ ఒంటికాలి నేత మీదే వచ్చాయి. నాయిన ఇల్లు అని ముగ్గురం సమానంగా పంచుకుంటున్నాం. మమ్మల్ని ఇంతవాళ్లను చేసింది అక్క.

అన్న కట్టెను కిటికీలోంచి బయట పారేసి, అడుగును చదును చేశాడు. అక్క అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించింది. నేను వంగి, రెండు అరికాళ్లూ నేలకు ఆనాయో లేదో చేత్తో తడిమి చూశాను. పూర్తిగా ఆనాయి.

"కుదిరింది గదా. ఇగ లెవ్వే, సక్కిలిగిలైతుంది" అంది అక్క.

నేను ఆ కాళ్లు వెంటనే వదల్లేదు.