మంత్రిగారి రాజీనామా, సుధాకర్ కూతురి టీసీ

సంకీర్ణ ప్రభుత్వం మూడో ఏట కూలిపోయింది. అప్పుడు నేను ఢిల్లీలో ఒక కేంద్రమంత్రి పేషీలో స్టెనోని. మంత్రిగారిది రాయలసీమ వేరుశనగ రైతుల ఓట్లతో నిలబడ్డ చిన్న పార్టీ. దాని అధ్యక్షుడూ ఆయనే. దిగుమతి నూనె మీద సుంకం తగ్గించాలని పెద్ద పార్టీ, తగ్గిస్తే మా రైతు మునుగుతాడని ఈయన. ఆరు నెలలుగా ఇదే గొడవ.

ప్రభుత్వం పడబోతోందని పత్రికలకన్నా ముందు ఆఫీసర్లకు తెలుస్తుంది. వాళ్ళు ఫైళ్ళు పంపడం మానేస్తారు. రేపు ఉంటాడో లేదో తెలియని మంత్రి సంతకం ఎవరికి కావాలి? ఆ వారం మా కంప్యూటర్లోకి ఒక్క ఫైలూ రాలేదు. ఒక అండర్ సెక్రటరీని కదిపితే, "అభీ రహనే దీజియే, మేడమ్‌జీ", ఇప్పటికి ఉండనివ్వండి, అని నవ్వాడు. ఇలాంటివి గమనించడం నాకు భలే సరదా, దాచుకోవడం ఎందుకు!

సుధాకర్‌కు మాత్రం అది తీరిక అనిపించింది. అతను మంత్రిగారు అనంతపురం నుంచి తెచ్చుకున్న సహాయకుడు. ఇలాంటి పోస్టుల్ని కో-టెర్మినస్ అంటారు. మంత్రి దిగిన రోజే వీళ్ళ ఉద్యోగమూ పోతుంది. నాది పర్మినెంటు. ఎందరు మంత్రులు మారినా నా కుర్చీ కదలదు.

శుక్రవారం పన్నెండింటికి మంత్రిగారు తలుపు వేయించి డిక్టేషన్ ఇచ్చారు. ఒకటి రాజీనామా, ఇంకొకటి మద్దతు ఉపసంహరణ.

"ఐదింటికి ప్రెస్‌మీట్ అమ్మా. అంతదాకా మీ ఇంట్లో గూడా తెలీకూడదు."

"అలాగే సర్."

ఒంటిగంటకు సుధాకర్ టీ పట్టుకొచ్చాడు.

"పని తగ్గిండాది గదక్కా, ఊరికి ఆ చివర జనక్‌పురిలో ఇల్లు చూసినా, పాపను ఆడి స్కూల్లో వేస్తాం. మా ఆవిడ ఇప్పుడు స్కూల్లోనే ఉండాది, పాప టీసీ కోసరం. ఏడాది మధ్యలో గదా, తీసుకుంటే ఆ సీటు ఇంకొకరికి ఇస్తారంట. తీసుకోమని చెప్పేదా?"

నేను కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. "మీ ఇష్టం సుధాకర్" అన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా నోట ఒక్క మాట జారలేదు. అదే నా గొప్ప అనుకునేదాన్ని.

అతను అక్కడే నిలబడి ఫోన్ చేసి, "తీసేస్కో" అన్నాడు.

ఐదింటికి టీవీలో వార్త వచ్చింది. ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఐదున్నరకు సుధాకర్ మెడలోంచి ఐడీ కార్డు తీస్తూ నా దగ్గరికొచ్చాడు.

"ఎన్ని గంటలకు టైప్ చేసినారక్కా?"

"పన్నెండింటికి."

"నేను ఒంటిగంటకు అడిగినా గదా" అన్నాడు. కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు చాలా సిగ్గేసింది. ఆ పాప ఆ ఏడు ఎక్కడ చదివిందో కనుక్కునే ధైర్యం ఇప్పటికీ లేదు. రహస్యం కాపాడటం మా వృత్తిలో మొదటి పాఠం. దాన్ని ఈనాటికీ తప్పను. కానీ "సోమవారం దాకా ఆగమనండి" అని చెప్పడానికి రహస్యం బయటపెట్టనక్కర్లేదు, కారణమూ చెప్పనక్కర్లేదు. ఆ సంగతి నాకు ఐదున్నరకు తట్టింది.