ఖాళీ అన్నవారే తెరిచి చూపాలి

మాస్టారి చావుకు మాస్టారే కారణమట. ఇదీ అభియోగం. పోయిన వారం మండపేటలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పిస్తోలు పేలి మా ఎన్.సి.సి. మాస్టారు కన్నుమూశారని కాలేజీ ఎదుటి ఎస్టీడీ బూత్‌కి కబురు వచ్చింది. జొన్నాడ మీదుగా జీపులో ఆయన శరీరం అమలాపురం చేరేలోపే వెనకనుంచి రెండో మాట వచ్చి దాన్ని దాటేసింది. "ఆ పిస్తోలు బాగుందని ఆయనే చెప్పారట. ఆయన మాట నమ్మే యజమాని మీట నొక్కారట." పోయినవారు తిరిగి వాదించలేరు. వారి తరఫున ఈ సంతాప సభలో నేను వాదిస్తాను. గెలుస్తానన్న భ్రమ నాకు లేదు.

ఆయన మాకు ఫిజిక్స్ చెప్పేవారు. పరేడు రోజుల్లో ఖాకీ వేసుకుని తుపాకీ పట్టడం నేర్పేవారు. రైఫిలు ఎవరు చేతికిచ్చినా, ఎంత నమ్మకస్తులు ఇచ్చినా, ముందు తెరిచేవారు. లోపలికి చూసేవారు. చూసింది చాలక, తూటా కూర్చునే గదిలో చిటికెన వేలి కొన పెట్టి తడిమేవారు. అందుకే ఆ గోరు అంచున నూనె నలుపు ఎప్పుడూ ఒక గీతలా ఉండేది. "కన్ను చూడాలనుకున్నదే చూస్తుందర్రా, వేలుకి ఆ తెలివి లేదు" అనేవారు.

డిబేటు పోటీలకు మమ్మల్ని తయారుచేసిందీ ఆయనే. ఒకసారి నేను ఆవేశంగా "ఇది అందరికీ తెలిసిన విషయమే" అన్నాను. వెనక బెంచీలోంచి చిటికెన వేలు లేచింది.

"అందరికీ తెలుసంటే, తుపాకీ ఖాళీ అన్నట్టేనమ్మా. తెరిచి చూపించు."

"నన్ను నమ్మరా సార్?"

"నిన్ను నమ్ముతాను. నీ మాటను మాత్రం చూస్తాను."

ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఆ తరువాత ఆయన వేలికి అందని వాక్యం ఒక్కటీ వేదిక ఎక్కించలేదు. ఊళ్ళో ఆయనకు అనుమానం మాస్టారని పేరు. ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, నవ్వుతూ అనేవారు: "ఉప్పు జాడీ ఖాళీ అయిందండీ అంటే మూత తీసి చూస్తారమ్మా, నేనేదో దాచుకున్నట్టు!" మన వైపు అది చిన్న విషయం కాదు. పెద్దమనిషి ఒక మాటన్నాక "ఏదీ, చూపించండి" అనడం అమర్యాద. "ఆయ్" అని తలూపాలి. మాస్టారికి ఆ మర్యాద చేతకాలేదు.

ఇప్పుడు పిస్తోలు సంగతి. కిందటి వర్షాకాలం ఆ మిల్లు యజమాని, తాతగారి కాలం నుంచి లైసెన్సున్న పాత విదేశీ పిస్తోలు పట్టుకుని మా ఫైరింగు మైదానానికి వచ్చారు. దానికి మేగజైన్ సేఫ్టీ అనే ఏర్పాటుంది. తూటాలుండే మేగజైనును బయటికి లాగేస్తే, లోపల గదిలో ఒక తూటా మిగిలిపోయినా, మీట నొక్కితే పేలకుండా ఒక చిన్న ముక్క అడ్డుపడుతుంది. పడాలి. ఈ పిస్తోలులో మేగజైను సరిగ్గా కూర్చోక, ఉన్నప్పుడు కూడా ఆ ముక్క అడ్డుపడేదట. ఎవరిచేతనో దాన్ని కాస్త అరగదీయించారట.

"అవసరానికి పేలాలి కదండీ మాస్టారూ."

"ఏం అవసరమండీ?"

"కొబ్బరితోటలో పాములండి."

"పాముకి కర్ర సరిపోదాండీ? దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు."

కేడెట్లందరం నవ్వాం. మాస్టారు పిస్తోలు తెరిచి, చూసి, వేలితో తడిమి, ఖాళీ గదితో, మేగజైను తీసి, ఇసుక బస్తాల వైపు గురిపెట్టి మీట నొక్కారు. ఆగింది. మళ్ళీ నొక్కారు. ఆగింది. నొక్కుతూనే ఉన్నారు. చివరికి లోపలి సుత్తి టక్కున పడింది, తూటా ఉంటే పేలేదే.

"విన్నారాండీ?"

"ఎప్పుడో ఒకసారే కదండీ!"

"ఎప్పుడూ ఆపకపోతే భయం లేదండీ, మీరే జాగ్రత్తపడతారు. తరచూ ఆపుతోంది చూడండి, అదే మనిషిని చంపుతుంది. లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించండి. అంతదాకా బీరువాలోంచి తీయకండి."

"ఆయ్, అలాగేనండి."

బాగుందని మాస్టారు చెప్పలేదు. చంపుతుందని చెప్పారు. నేను రెండడుగుల దూరంలో నిలబడి విన్నాను. ఆ "ఆయ్" కూడా విన్నాను. నాకిప్పుడు అనిపిస్తుంది, మన "ఆయ్" కూడా అరిగిపోయిన సేఫ్టీ ముక్కేనని. చాలాసార్లు అది నిజంగానే ఒప్పుకోలు. కొన్నిసార్లు వట్టి గాలి. ఏది ఏదో పేలేదాకా తెలియదు.

పోయిన వారం మాస్టారు ఆ మిల్లుకు వెళ్ళింది మా క్యాంపు ప్రారంభానికి యజమానిని పిలవడానికి. ఆఫీసులో అతిథులున్నారు. యజమాని వారికి పిస్తోలు చూపిస్తున్నారు. మేగజైను తీసి బల్లమీద పెట్టి, "ఇంక ఇది బొమ్మేనండి" అన్నారట. మాస్టారు కుర్చీలోంచి లేచారట. "ఆగండి, తెరిచి చూపించండి" అంటూ చెయ్యి చాచారట. "మీకు మరీ అనుమానమండీ మాస్టారూ" అంటూ యజమాని నవ్వారట, అందరూ నవ్వారట. ఆ నవ్వులోనే మీట నొక్కారు.

ఇదంతా నాకు చెప్పినవారు, పోలీసుల ముందు చెప్పలేదు. అక్కడ యజమాని "మాస్టారే చూసి బాగుందన్నారండి" అన్నారు. పక్కనున్నవారు "ఆయ్" అన్నారు. నేను వెళ్ళి మైదానంలో విన్నది చెప్పాను. "చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా" అన్నారు. ప్రమాదమని రాసి మూసేస్తారు. మూసేశాక పిస్తోలు మళ్ళీ ఆ బీరువాకే చేరుతుందని నా భయం. ఈ వేదికమీద, మాస్టారి ఫోటోకు వేసిన ఆ పెద్ద దండ కూడా ఆ ఇంటినుంచి వచ్చిందే.

చివరి స్నానం చేయించినప్పుడు అమ్మగారు ఆ చిటికెన వేలిని పసుపుతో రుద్దారు. గోరు అంచున నలుపు పోలేదు. "వదిలెయ్యండమ్మా" అన్నాను. వదల్లేదు, రుద్దుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆమె ముందు వరుసలో కూర్చున్నారు. తన భర్త ఆయనన్న మాటవల్లే పోయారని ఊరంతా అంటుంటే వింటున్నారు.

ఆ రోజు మిల్లు ఆఫీసులో ఉన్నవారు కొందరు ఈ హాలులో ఉన్నారు. ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. మీరు లేస్తారన్న ఆశ నాకు లేదు. అయినా అడుగుతాను, అడగకుండా ఉండడం ఆయన నాకు నేర్పలేదు. మేమేమీ వినలేదండీ, మా దగ్గర చెప్పడానికేమీ లేదండీ అంటున్నారు. ఖాళీ అంటున్నారు.

నోరు తెరిచి చూపించండి.