గేటు చూపించని సర్టిఫికెట్

మూఢనమ్మకం మీద నేను సాధించిన అతి పెద్ద విజయం నా పరువు తీసింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వేవారు నవ్వవచ్చు. జాలిపడేవారికి మాత్రం అనుమతి లేదు.

అప్పట్లో శంషాబాద్ విమానాశ్రయం పక్కన, కూరగాయలు గల్ఫ్‌కు పంపే గోదాములో కంప్యూటర్ల బాధ్యత నాది. అక్కడి యంత్రాలు గుర్తింపు కార్డులాంటి సర్టిఫికెట్ చూపించుకున్నాకే ఒకదానితో ఒకటి మాట్లాడతాయి. గడువు తీరితే మాటలు బంద్. గడువు దగ్గరపడిందని కొత్తది తెప్పించి ప్రధాన కంప్యూటర్లో పెట్టాను. మిగతావన్నీ అక్కణ్ణుంచి తీసుకుంటాయి. ఏ యంత్రం ఏ సర్టిఫికెట్ చూపిస్తోందో తెలిపే పట్టిక ఒకటుంది. దాన్ని తెరవలేదు. పెట్టింది నేనైతే మళ్లీ చూడటమెందుకు?

అదే ఊపులో, వచ్చిన లోడ్లు నమోదు చేసే గేటు యంత్రానికి దిష్టి తగలకుండా కట్టిన నిమ్మకాయ తెంపేశాను. గేటు కాపలా చూసే తొండుపల్లి యాదమ్మ అడ్డుపడింది.

"దాని జోలికి పోకుండ్రి సార్!"

"యంత్రానికి దిష్టేమిటి అక్కా? ఆధారం చూపించు, నమ్ముతాను."

మర్నాడు పొద్దున్నే ఆధారం వచ్చింది. గేటు యంత్రం ఆగిపోయింది. మహేశ్వరం నుంచి బెండకాయల లోడుతో వచ్చిన నర్సింలు బండి గేటు బయటే నిలిచింది. గేటులో నమోదు కాని సరుకు విమానమెక్కదు.

"ఇంకేం ఆధారం గావాలె సార్?" అంది యాదమ్మ.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. కార్యకారణ సంబంధం, కాకతాళీయం, శాస్త్రీయ దృక్పథం. ఎండ ముదిరింది, బెండకాయలూ ముదిరేలా ఉన్నాయి.

"అన్నా, ఇమానం నీ ముచ్చట ఇనుకుంట ఆగుతదా? మూడు నెలల కష్టం, జర జల్దీ చూడు!" అన్నాడు నర్సింలు.

"సర్టిఫికెట్ గడువు తీరితేనే యంత్రం ఇలా ఆగాలి. అది కొత్తదే. నేనే పెట్టాను!"

యాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పెట్టిన్రు సరే, గేటు చూపెడుతున్నదా? బ్యాడ్జీ ఇంట్ల పెట్టిన అంటే నేను లోపలికి ఇడుస్తనా? మెడల ఉన్నదా లేదా అని చూస్త."

పట్టిక తెరిచాను. అన్ని యంత్రాలూ కొత్తది చూపిస్తున్నాయి. గేటు ఒక్కటే కొత్తది తీసుకోకుండా, ఆ ఉదయంతో గడువు తీరిన పాతది చూపిస్తోంది. రచ్చ గెలిచి గేటు దగ్గర ఓడానన్నమాట.

చప్పుడు చేయకుండా సరిచేయవచ్చు. అప్పుడు గెలిచేది నిమ్మకాయ. సరిచేశాక గోదాము జనమంతా వినేలా చెప్పాను: "తప్పు దిష్టిది కాదు, నాది. చూడకుండానే నమ్మాను."

నర్సింలు బండి ముందుకు కదిలిస్తూ అన్నాడు: "గట్లయితే దిష్టి లేదన్నట్టే అన్నా. గింత పెద్ద కారణం కండ్ల ముంగట్నే నిలబడ్డది!"

లోడు విమానం గడువుకు నాలుగు నిమిషాల ముందు లోపలికి వెళ్లింది.

ఆనాడే శపథం పట్టాను. కంటితో చూసేదాకా "పెట్టాను" అనే మాట నా నోట రాదు. ఈ శపథానికి గడువు తేదీ వేయించలేదు. వేయిస్తే అదీ చూసుకోను.