మాస్టారి బుగ్గ మీద చుక్క

నాకో సెలూన్ ఉంది. గడ్డం గీయడంలో చెయ్యి తిరిగినవాణ్ణని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను. అలాంటి నేను ఒకరోజు మా వీధి బడి మాస్టారికి గడ్డం గీస్తూ వంగితే, నా ముక్కులోంచి నీళ్ళచుక్క ఆయన బుగ్గ మీద టపుక్కున పడింది.

"జలుబండీ," అన్నాను. మర్నాడూ జలుబే, నెల తిరిగినా జలుబే. ఒక్క కుడి ముక్కులోంచే, అదీ వంగినప్పుడే కారే జలుబేమిటన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు. మాస్టారు సినిమాహాలు పక్క షాపుకి మారిపోయారు. ఆయన వెనకే మిగతావాళ్ళూ. వంగకుండా గడ్డం గీయలేను, నాకు వేరే పనీ రాదు.

ముక్కు డాక్టరు ఆ నీళ్ళు పరీక్ష చేయించి, "ఇది మెదడు చుట్టూ ఉండే నీరయ్యా. తలకి దెబ్బేమైనా తగిలిందా?" అన్నాడు. తగిలింది. నా షాపు షట్టరే, సగం ఎత్తి దూరబోతే. ఆ దెబ్బకి లోపల ఎక్కడో చిల్లు పడి ఉంటుందనీ, అందులోంచి క్రిములు లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుందనీ అన్నాడు.

"నీకు మెదడుందో లేదోనని ఇన్నాళ్ళూ బెంగగా ఉండేది. కారుతోందంటే ఉన్నట్టే కదా!" అంది మా ఆవిడ. అనేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

చిల్లు ఎక్కడుందో తెలిస్తేనే మూయగలరు. నడుములో సూది గుచ్చి, స్కానింగులో తెల్లగా కనబడే మందు ఎక్కించారు. అది తలకి చేరాలని నన్ను బోర్లా పడుకోబెట్టి, బల్లని తలవైపు దించారు.

"కారుతున్నప్పుడు తీస్తేనే దొరుకుతుంది," అన్నాడు స్కానింగు తీసేవాడు. ఇన్నాళ్ళూ అందరి బుగ్గలూ తడిపిన నా ముక్కు సరిగ్గా అప్పుడే ఎండిపోయింది. దగ్గమంటే దగ్గాను, బిగబట్టమంటే బిగబట్టాను. చుక్క లేదు.

నా ముక్కు చూద్దామని అతను వంగాడు. ఒక చెంప మీద జుట్టు చెవి తమ్మె దాకా దిగి ఉంది, రెండో చెంప మీద అసలు లేదు.

"కటింగ్ ఎవరు చేశారు సార్?"

"సినిమాహాలు పక్క షాపులో. ఏం?"

నవ్వు ఆపుకుందామని చూశాను. నా వల్ల కాలేదు. టపుక్కున పడింది.

"కదలకండి!" అని అరిచి, అతను స్కానింగు తీశాడు. ముక్కు పైకప్పులో ఆవగింజంత చిల్లు. ముక్కులోంచే వెళ్ళి అతుకు వేశారు.

డాక్టరు ఇక వంగవచ్చన్నాక షాపు తెరిచాను. మొదట వచ్చింది మాస్టారే, గడ్డం మీద రెండు గాట్లతో.

"అక్కడ కోసేస్తున్నాడయ్యా," అంటూ కూర్చుని, తువ్వాలు చేతిలో సిద్ధంగా పట్టుకున్నారు.

భయంభయంగా వంగాను. ఏమీ పడలేదు. ఒక చెంప పూర్తిచేశాను. అప్పుడు పడింది, బుగ్గ మీదే.

"మళ్ళీనా!" అని లేవబోయారు మాస్టారు.

"ముక్కుది కాదండీ," అన్నాను, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన నా మొహం చూసి, తువ్వాలు నా చేతికిచ్చారు.

"సరే, రెండో చెంప కానివ్వు."